రావు, రేయో, రౌ, రాయ్: ఒకే పేరా, వేర్వేరు పేర్లా?

గోదారి_గట్టు (న్యూజెర్సీ)
అందరికీ నమస్కారం. మా అమ్మాయి మూడో తరగతి చదువుతోంది. ఈ ఏడాది వాళ్ళ క్లాసు హాజరు పట్టీలో ఇద్దరు రావులు ఉన్నారు. ఒకరు మా పాప. రెండోవాడు ఇటలీ మూలాలున్న కుటుంబంలోని అబ్బాయి. వాళ్ళ ముత్తాత దక్షిణ ఇటలీ నుంచి వచ్చారట. ఇంగ్లీషు స్పెల్లింగు ఒకటే, ఆర్, ఏ, ఓ, మూడే అక్షరాలు. టీచరు మా పాపను 'రావ్' అని, ఆ అబ్బాయిని 'రేయో' అని పిలుస్తుంది.

మొన్న సూపర్ మార్కెట్‌కి వెళితే పాస్తా సాస్ సీసా మీద మా ఇంటి పేరు కనిపించిందని పాప ఎగిరి గంతేసింది. 'అమ్మా, ఇది మన చుట్టాలదా? ఆ అబ్బాయి నాకు కజినా?' అని అడిగింది. కాదని చెప్పాను గానీ ఎందుకు కాదో చెప్పలేకపోయాను. ఇప్పుడు స్కూల్లో 'నా పేరు కథ' అని ప్రాజెక్టు ఇచ్చారు. ఆ అబ్బాయి, మా పాప కలిసి చేస్తామన్నారు. ప్రపంచంలో ఈ పేరు ఇంకెక్కడెక్కడ ఉందో, ఎవరికి ఎవరు చుట్టమో తెలిసినవాళ్ళు చెప్పండి. పిల్లలకు తప్పు చెప్పకూడదని నా తాపత్రయం.

ఎడిసన్_బాబాయ్
ఆ సాస్ కథ నాకు కొంత తెలుసమ్మా. చార్లెస్ రావో అనే ఇటాలియన్ వలసదారు 1896లో న్యూయార్క్ ఈస్ట్ హార్లెంలో పెట్టిన చిన్న హోటల్ అది. ఇప్పటికీ ఉంది. పది టేబుళ్ళే ఉంటాయి. అవి ఏళ్ళ తరబడి పాత ఖాతాదార్ల పేర్ల మీదే నడుస్తాయి కాబట్టి కొత్తవాళ్ళకి కూర్చునే చోటు దొరకదు. సీసాల్లో సాస్ అమ్మడం 1992లో మొదలైంది. 2024లో క్యాంప్‌బెల్ కంపెనీ ఆ సాస్ తయారుచేసే సంస్థను దాదాపు 270 కోట్ల డాలర్లకు కొనేసింది. నేను అమెరికా వచ్చిన కొత్తలో ఆ సీసా చూసి ఎవరో తెలుగాయన పెట్టిన కంపెనీ అనుకున్నాను. చాలా ఏళ్ళు నలుగురికీ అలాగే చెప్పాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

చరిత్ర_ప్రేమి
ఇందులో ఆలోచించడానికి ఏముంది? రోమన్ల కాలంలోనే మన వర్తకులు ఓడల్లో ఇటలీ దాకా వెళ్ళారు. రావు అన్న పేరు అలాగే అక్కడికి చేరింది. చైనాలోనూ రావులున్నారు, అదీ బౌద్ధ భిక్షువుల ద్వారా వెళ్ళిందే. అంతా మన నుంచే వెళ్ళింది.

ఓరుగల్లు_మాస్టారు
చరిత్ర_ప్రేమి గారూ, మీ అభిమానం అర్థమైంది. కానీ పిల్లల ప్రాజెక్టులో ఈ మాట రాయించవద్దని నా మనవి. కాలం కుదరదు. రోమన్ల కాలంలో మన దగ్గరే 'రావు' అన్న రూపం లేదు.

ఆ మాట ఎలా పుట్టిందో చూడండి. సంస్కృతంలో 'రాజ'. ప్రాకృతాల్లో రెండు అచ్చుల మధ్య ఉన్న జకారం కరిగిపోతుంది. 'రాఅ' మిగులుతుంది. ఆ ఖాళీలో నోరు తిరగడానికి ఒకచోట 'య' చేరింది, ఇంకోచోట 'వ' చేరింది. 'య' చేరితే రాయ. అందులోంచే మన రాయలు, రాయుడు. కృష్ణదేవరాయల్లో ఉన్నదీ అదే. 'వ' చేరితే రావ్, రావు. మరాఠీ, కన్నడ, కొంకణి, తెలుగు అన్నిట్లో ఉంది. ఉత్తరాదికి వెళితే రాయ్, బెంగాల్లో రాయ్‌నే ఇంగ్లీషులో ఒకరు 'రే' అని, ఇంకొకరు 'రాయ్' అని రెండు స్పెల్లింగులతో రాస్తారు. అంటే సత్యజిత్ రాయ్, రామ్మోహన్ రాయ్, లాలా లజపతి రాయ్, మన పీవీ నరసింహారావు, వీళ్ళందరి పేర్ల చివర ఉన్నది ఒక్క మాటే.

ఇంగ్లీషు స్పెల్లింగులో చూస్తే వీళ్ళు వేర్వేరు. మాట మూలంలో చూస్తే ఒకటే. ఇటలీ రావో విషయం దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ స్పెల్లింగు ఒకటే, మూలం వేరు. అమ్మాయికి ఈ తేడా బొమ్మ గీసి చూపిస్తే పట్టుకుంటుంది.

బెర్లిన్_బ్రిడ్జి
మాస్టారూ, స్పెల్లింగు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. జర్మనీకి 1999 నుంచి 2004 దాకా అధ్యక్షుడిగా ఉన్నది యోహానెస్ రౌ. ఆర్, ఏ, యూ. జర్మన్‌లో ఆ మాటకి గరుకు అని అర్థం. పూర్వం జుట్టు దుబ్బుగా, గరుకుగా ఉన్నవాళ్ళకి పెట్టిన ఎకసెక్కపు పేరు తర్వాత ఇంటిపేరై కూర్చుంది.

అవే మూడక్షరాలతో మన దేశంలో బెనెగళ్ నర్సింగ్ రౌ ఉన్నారు. రాజ్యాంగ సభకు సలహాదారు, తర్వాత అంతర్జాతీయ న్యాయస్థానంలో న్యాయమూర్తి. ఆయన తమ్ముడు బెనెగళ్ రామా రౌ 1949 నుంచి 1957 దాకా రిజర్వ్ బ్యాంక్ గవర్నరు. ఇంకో సోదరుడు పత్రికా రచయిత, పార్లమెంటు సభ్యుడు శివరావు. ఈయన మాత్రం చివర 'ఓ' పెట్టుకున్నారు. ఒకే తల్లి పిల్లలు, ఒకే పేరు, ఇంగ్లీషులో రెండు స్పెల్లింగులు! జర్మన్ రౌకి, బెనెగళ్ రౌకి మూడక్షరాలూ కలిశాయి, సంబంధం సున్నా. సొంత అన్నదమ్ముల మధ్యేమో అక్షరం మారింది. నాకు ఇది చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది.

పాత_పేపర్లు
ఇంకో స్పెల్లింగు కూడా కలపండి. 'వరస' అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఉంది చూడండి, అచ్చం అదే స్పెల్లింగు. పందొమ్మిదో శతాబ్దంలో చాలామంది అలాగే రాసుకునేవారు. తిరువాన్కూరు, ఇందూరు, బరోడా సంస్థానాలకు దివానుగా చేసిన సర్ టి. మాధవరావు సంతకం అదే. త్రివేండ్రంలో సచివాలయం ఎదురుగా ఆయన విగ్రహం ఉంది. ఆ కూడలినే అందరూ 'స్టాచ్యూ' అంటారు. బస్సు కండక్టర్లు కూడా అదే అరుస్తారు. ఏ విగ్రహమో అడిగితే చాలామందికి ఆయన పేరు గుర్తుకు రాదు.

బ్రిటిషు వాళ్ళ బిరుదులు కూడా ఉన్నాయి. దక్షిణాదిలో రావు బహదూర్, ఉత్తరాదిలో రాయ్ బహదూర్, ముస్లింలకు ఖాన్ బహదూర్. మన కందుకూరి వీరేశలింగం గారికి 1893లో రావు బహదూర్ ఇచ్చారు. ఆయన పేరులో రావు లేకపోయినా ముందు వచ్చి చేరింది.

క్రికెట్_కాకా
ముందు రావడం అంటే గుర్తొచ్చింది. పాకిస్తాన్‌కి ఆడిన ఫాస్ట్ బౌలర్ రావు ఇఫ్తికార్ అంజుమ్ గుర్తున్నాడా? మొదటిసారి టీవీలో ఆ పేరు చూసి మా ఇంట్లో అందరం ఆశ్చర్యపోయాం. వాళ్ళు ముస్లిం రాజపుత్రులు. అక్కడ రావు పేరుకి ముందు ఉంటుంది. ఆ దేశానికి రక్షణ మంత్రిగా చేసిన రావు సికందర్ ఇక్బాల్ కూడా అంతే.

అసలు రాజస్థాన్, హర్యానా వైపు అందరికీ ముందే వస్తుంది. 1459లో జోధ్‌పూర్ కట్టించింది రావ్ జోధా. 1857లో ఇంగ్లీషువాళ్ళ మీద పోరాడిన రేవాడీ రావ్ తులారాం పేరుతో ఢిల్లీలో పెద్ద రోడ్డుంది. నేను ఆ రోడ్డు మీద రెండేళ్ళు ఆఫీసుకి వెళ్ళాను. ఆటోవాళ్ళు 'ఆర్టీఆర్' అంటారు. అది ఏదో తెలుగాయన పేరనుకుని మా నాన్న సంబరపడ్డారు. నేను అప్పుడు కాదని చెప్పలేదు.

వెలుగు
మా వైపు రావు అంటే ఒక కులం వాళ్ళే పెట్టుకునేవారు. ఇప్పుడు అందరూ పెట్టుకుంటున్నారు. అసలైన రావులు ఎవరో కూడా రాస్తే బాగుంటుంది.

ఓరుగల్లు_మాస్టారు
అసలైన రావులు అని ఎవరూ లేరు నాయనా. నియోగులు, దేశస్థులు, కొంకణి సారస్వతులు, వెలమలు, కమ్మలు, కాపులు, ఇంకా ఎన్నో కులాల్లో ఈ మాట ఉంది. పైన కాకా గారు చెప్పినట్టు రాజపుత్రుల్లో, యాదవుల్లో, ముస్లింలలో కూడా ఉంది. గౌరవానికి పుట్టిన మాట, గౌరవంగా బతకాలనుకున్న ప్రతి ఇంట్లోకీ వెళ్ళింది. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో తాతకి 'గాడు' తప్ప ఇంకో పిలుపు లేని ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ నాన్నలు కొడుకులకు పట్టుబట్టి చివర రావు పెట్టారు. హాజరు పిలిచేటప్పుడు నేను ఆ రావు మింగేయకుండా పూర్తిగా పలికేవాణ్ణి. ఈ చర్చలో కులం లెక్కలు వద్దు.

మాంట్రియల్_మంచు
మాస్టారికి దండం. నేను క్యూబెక్‌లో పన్నెండేళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడ 'రాయ్' అన్న ఇంటిపేరు వీధికొకటి కనబడుతుంది. మొదట బెంగాలీలు అనుకున్నాను. కాదు, ఫ్రెంచివాళ్ళు. పలకడం 'రువా'. హాకీ గోల్‌కీపర్ పాట్రిక్ రువా ఇక్కడ దేవుడితో సమానం. ఫ్రెంచిలో రువా అంటే రాజు.

ఇక్కడ ఒక సందేహం. ఫ్రెంచి రువా లాటిన్ 'రెక్స్' నుంచి వచ్చింది. మాస్టారు చెప్పిన రావు, రాయ్ సంస్కృతం 'రాజ' నుంచి వచ్చాయి. రెక్స్, రాజ రెండూ ఒకే తల్లి వేరు నుంచి పుట్టినవని కాలేజీలో చదివాను. అది నిజమైతే మా పక్కింటి రువా గారు, బెంగాల్ రాయ్, మన రావు అందరూ దూరపు చుట్టాలే కదా?

ఓరుగల్లు_మాస్టారు
అవును, అక్షరాలా నిజం. ఆ రెండూ ఇండో-యూరోపియన్ భాషా కుటుంబంలో అక్కచెల్లెళ్ళు. ఐరిష్‌లో రాజును 'రీ' అంటారు, అదీ ఈ కుటుంబమే. చుట్టరికం మనుషుల రక్తంలో కాదు, మాటలో. పిల్లలకు ఈ తేడా తప్పక చెప్పండి.

కానీ రాయ్‌లందర్నీ ఒకే గాటన కట్టకండి. స్కాట్లండ్‌లో రాబ్ రాయ్ అనే ప్రసిద్ధ వీరుడున్నాడు. ఆయన రాయ్‌కి రాజుతో పని లేదు. గేలిక్ భాషలో 'రువధ్' అంటే ఎరుపు. ఆయన జుట్టు ఎర్రగా ఉండేది, అందుకని ఆ పేరు. మన 'ఎర్రయ్య' లాగ అనుకోండి.

గోదారి_గట్టు
అబ్బా! ఇటలీ రేయో మన చుట్టం కాదు గానీ, స్పెల్లింగే కలవని మాంట్రియల్ రువా మన చుట్టమన్నమాట! పాపకి ఇప్పుడే చదివి వినిపించాను. 'అయితే స్పెల్లింగ్ అబద్ధం చెబుతుందా అమ్మా' అంది. ఏం చెప్పాలో తెలియలేదు. చైనా గురించి ఎవరికైనా తెలుసా?

షాంఘై_నుంచి
నాకు తెలుసు అక్కా. ఇక్కడ ఆరేళ్ళుగా ఉద్యోగం. చైనాలో రావ్ అన్న ఇంటిపేరు నిజంగా ఉంది. సమృద్ధి అని ఆ అక్షరం అర్థం. క్షమించి వదిలేయడం అనే అర్థంలోనూ వాడతారు. పలకడం మన రావులా ఉండదు. ర, ఝ రెండిటి మధ్య నాలుక మడిచి, గొంతు కింది నుంచి పైకి లేపాలి. నేను ఎంత ప్రయత్నించినా మా ఆఫీసులో నవ్వుతారు.

ఊళ్ళ పేర్లలో కూడా ఉంది. జియాంగ్‌షీ రాష్ట్రంలో షాంగ్‌రావ్ అని పెద్ద నగరం. కున్‌మింగ్ వైపు వెళ్ళే స్పీడ్ ట్రైన్ అక్కడ ఆగుతుంది. మొదటిసారి స్టేషన్ బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరు చూసి ఫోటో తీసి ఇంటికి పంపాను. గ్వాంగ్‌డాంగ్‌లో రావ్‌పింగ్, రష్యా సరిహద్దులో రావ్‌హ అనే కౌంటీలు కూడా ఉన్నాయి.

ఈ ఇంటిపేరున్న పెద్ద పండితుడు రావ్ జొంగ్యీ. 1917లో పుట్టి 2018లో పోయారు, నిండు నూరేళ్ళు. హాంకాంగ్‌లో ఉండేవారు. పాత పద్ధతి ఇంగ్లీషు స్పెల్లింగులో ఆయన పేరును 'జావ్' అని రాస్తారు. ఆయన సంస్కృతం నేర్చుకోవడానికి 1963లో పుణె వచ్చి భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థలో చదివారు. మరాఠీ రావుల ఊళ్ళో చైనా రావు! అక్కడ ఆయనను ఎవరైనా 'మీదే ఊరు' అని అడిగి ఉంటారా అని నాకు ఊహ వస్తూ ఉంటుంది.

అసలు చెప్పాలనుకున్నది ఇది. చైనావాళ్ళు మన రావుల పేర్లు రాసేటప్పుడు వాళ్ళ ఇంటిపేరు అక్షరం వాడరు. 'లా-ఆవ్' అని రెండక్షరాలు రాస్తారు. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సీఆర్ రావు గారి సిద్ధాంతం పుస్తకాల్లో 'కలామెయ్-లువో' అని కూడా కనిపిస్తుంది. అంటే చైనా విద్యార్థికి ఈ రెండు పేర్లూ ఒకటని తోచనే తోచదు. తెలుగులో రాస్తే ఇటలీది రావో, మనది రావు. ఇవన్నీ ఒకే పేరులా కనిపించేది ఇంగ్లీషు అక్షరాల్లో మాత్రమే. పాప అడిగినదానికి జవాబు ఇదేనేమో. స్పెల్లింగు అబద్ధం చెప్పదు, దానికి ఇరవై ఆరు అక్షరాలే ఉన్నాయి కాబట్టి అందర్నీ వాటిలోనే సర్దుతుంది.

లెక్కల_కొట్టు
సీఆర్ రావు గారి పేరు ఎవరో ఒకరు ఎత్తుతారని చూస్తున్నాను. క్రామర్-రావు, రావు-బ్లాక్‌వెల్ అని ఆయన పేరు మీద రెండు సిద్ధాంతాలున్నాయి. స్టాటిస్టిక్స్ చదివిన ప్రతివాడూ ఏ దేశంలో ఉన్నా ఈ పేరు పలకాల్సిందే. 1945లో పాతికేళ్ళు కూడా నిండకుండా కలకత్తాలో రాసిన ఒక్క వ్యాసంలోంచి వచ్చినవి ఇవి. ఆయన చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలో సాగింది. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు, రాధాకృష్ణారావు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చారు, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో వెళ్ళిపోయారు. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ పక్క నుంచి వెళ్ళే రోడ్డుకి ఆయన పేరే.

నా బాధ ఏమిటంటే, ప్రపంచానికి ఆయన ఇంటిపేరు రావు. నిజానికి ఆయన ఇంటిపేరు కల్యంపూడి! రావు ఆయన పేరులో చివరి ముక్క. కల్యంపూడి 'సి' అనే ఒక్క అక్షరంగా మిగిలింది.

ఓరుగల్లు_మాస్టారు
పీవీ గారికీ అంతే. ఢిల్లీ ఇంగ్లీషు పత్రికలు ఐదేళ్ళు 'రావు ప్రభుత్వం' అని రాశాయి. మన ఊళ్ళో ఎవరూ ఆయన్ని రావు గారు అనలేదు, పీవీ అన్నారు. ఆ 'పి'లో పాములపర్తి ఉంది. పుట్టపర్తి, వనపర్తి లాగ అది ఊరి పేరు. కల్యంపూడిలో పూడి కూడా ఊరి గుర్తే. తెలుగువాడి ఇంటిపేరు విప్పితే చాలాసార్లు ఊరు బయటపడుతుంది. రావు విప్పితే రాజు కనిపిస్తాడు గానీ మీ ముత్తాత ఏ ఊరి నుంచి వచ్చాడో కనిపించదు.

డల్లాస్_చెల్లి
మాస్టారు చెప్పింది మా ఇంట్లో జరిగింది. మా నాన్న పేరు చివర రావు. పాస్‌పోర్ట్ ఫారం నింపిన ఏజెంటు అన్నయ్యకి లాస్ట్ నేమ్ రావు అని పెట్టాడు, నాకు ఇంటిపేరు పెట్టాడు. అమెరికాలో మేమిద్దరం అన్నాచెల్లెళ్ళమని కాగితాల మీద రుజువు చేయడానికి పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రిసెప్షన్‌లో 'మీ ఇద్దరికీ ఏమిటి సంబంధం' అని మూడుసార్లు అడిగారు. అన్నయ్య పిల్లలు ఇప్పుడు రావులు. మా పిల్లలకు వాళ్ళ నాన్న ఇంటిపేరు. మా తాతగారి ఇంటిపేరు మోస్తున్నది ఇక నేను ఒక్కదాన్నే.

ఇంకొకటి. రావు మగవాళ్ళ పేర్లకు చేర్చే మాట. మా అమ్మమ్మ పేరు చివర అమ్మ, మా అమ్మ పేరు చివర కుమారి. ఆడపిల్ల పేరు చివర రావు రావడం మా తరం నుంచే. గోదారి_గట్టు గారి పాప క్లాసులో రావు అని పిలిస్తే చేయెత్తుతోంది. మా నాయనమ్మ వింటే కళ్ళు పెద్దవి చేసేది. నాకు మాత్రం బాగుంది.

బెర్లిన్_బ్రిడ్జి
పటంలో పెట్టడానికి ఇంకో చోటు. సెనెగల్‌లో సెయింట్ లూయీ దగ్గర రావో అనే ఊరుంది. 1940లలో అక్కడి పాత సమాధి దిబ్బలో అద్భుతమైన నగిషీ ఉన్న బంగారు వక్షపతకం దొరికింది. రాజుతో సంబంధం లేని ఊరి పేరు, రాజు గుండెల మీద ఉండాల్సిన నగ. పిల్లలు ఇష్టపడతారు.

గోదారి_గట్టు
వారం తర్వాత వచ్చాను, క్షమించండి. ప్రాజెక్టు అయిపోయింది. పెద్ద ప్రపంచ పటం మీద పిల్లలిద్దరూ రెండు రంగుల దారాలు కట్టారు. ఎర్రదారం మాట చుట్టరికానికి. హైదరాబాద్, పుణె, కలకత్తా, జోధ్‌పూర్ నుంచి మాంట్రియల్ దాకా. నీలందారం స్పెల్లింగు చుట్టరికానికి. న్యూయార్క్, ఇటలీ, షాంగ్‌రావ్, జర్మనీ, సెనెగల్. ఆ అబ్బాయి వాళ్ళ నాయనమ్మ వచ్చి చూశారు. ఆమె చిన్నప్పుడు ఇంట్లో 'రావొ' అనే పలికేవాళ్ళట, బడిలో టీచర్లు రేయో అనడంతో అదే స్థిరపడిందట. మా పాప 'రావు' అంటే ఆమె 'అవును, అలాగే, దాదాపు అలాగే' అని పాప చేయి పట్టుకున్నారు.

నాకు ఒక్కటే దిగులుగా మిగిలింది. పటం కింద 'మా ముత్తాత ఊరు' అని ఒక గడి ఉంది. ఆ అబ్బాయి వెంటనే రాసేశాడు. మా పాప నన్ను చూసింది. మా ఆయన ఇంటిపేరు పాప కాగితాల్లో ఎక్కడా లేదు, డల్లాస్_చెల్లి చెప్పినట్టే. మామయ్య గారికి ఫోన్ చేశాం. అక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. ఏమైందోనని కంగారుపడ్డారు. సంగతి చెప్తే నిద్ర తేరుకుని, మా ఇంటిపేరున్న ఊరు తణుకు నుంచి ఎటు వెళ్ళాలో, కాలవ ఎక్కడ దాటాలో, చెరువు గట్టున ఏ వీధిలో ఇల్లు ఉండేదో అరగంట చెప్పారు. పాప ఆ ఊరి పేరు తెలుగులో రాసింది. ఒక వత్తు తప్పుపోయింది, నేను దిద్దలేదు. జూన్‌లో వెళ్తున్నాం.

ఓరుగల్లు_మాస్టారు
ఆ వత్తు సంగతి ఊరి బోర్డు చూస్తే తనే దిద్దుకుంటుంది. పటం ఫోటో పెట్టండమ్మా.